హాల్లో ఎవరున్నారు

నోనేమ్ పేరు నాకు మొదట చెప్పింది మా ఎం.ఏ. రెండో సంవత్సరం అమ్మాయి. దళిత స్త్రీల కవిత్వం మీద పాఠం ముగించి నేను బయటికొస్తుంటే వెనకాలే వచ్చి, "మేడం, ఇది వినండి" అని ఇయర్‌ఫోన్ ఒకటి నా చేతిలో పెట్టింది. ర్యాప్ అంటే అప్పటిదాకా నాకు తెలిసింది సినిమా పాట మధ్యలో ఓ మగగొంతు గబగబా అరిచి వెళ్ళిపోయే నాలుగు ముక్కలే. ఇక్కడ వినిపించింది ఒక ఆడగొంతు. పిట్టగోడ మీద మోచేతులాన్చి పక్కింటావిడతో మాట్లాడుతున్నంత నెమ్మదిగా ఉంది. సగం మాటలు అందలేదు. ఇంటికెళ్ళి మళ్ళీ విన్నాను. అది అబార్షన్ మీద పాట. పేరు 'బై బై బేబీ'. అపరాధభావాన్నీ, ఉపన్యాసాన్నీ రెంటినీ దాటి, ఆ స్త్రీకీ పుట్టని బిడ్డకీ మధ్య ప్రేమ ఉండొచ్చన్న మాట చెబుతుంది. మన కథల్లో అబార్షన్ ఎన్నిసార్లు వచ్చింది, ఎంత ఏడుపుతో వచ్చింది అని లెక్కేసుకుంటూ ఆ రాత్రి చాలాసేపు మేలుకునే ఉన్నాను.

ఆమె అసలు పేరు ఫాతిమా వార్నర్. 1991లో పుట్టింది. షికాగో దక్షిణ భాగంలో నల్లవాళ్ళ పేట బ్రాంజ్‌విల్‌లో పెరిగింది. చిన్నప్పుడు పెంచింది అమ్మమ్మ తరం వాళ్ళు. తల్లి పుస్తకాల షాపు నడిపింది, నల్లజాతి రచయితల పుస్తకాల కోసమే పెట్టిన షాపు. నగరంలోని హెరాల్డ్ వాషింగ్టన్ గ్రంథాలయంలో పిల్లల కోసం యూమీడియా అనే చోటు ఒకటుంది. మైకు, కంప్యూటరు, రికార్డింగు సామాను అక్కడ ఉచితం. ఈమె అక్కడ చేరి కవిత్వం చదవడం నేర్చుకుంది. ఆ గదుల్లోంచే ఛాన్స్ ది రాపర్ కూడా వచ్చాడు. అతని 2013 నాటి 'యాసిడ్ రాప్'లో ఒక పాటలో ఈమె గొంతు వినపడ్డాక జనం ఎవరీ పిల్ల అని వెతకడం మొదలుపెట్టారు. అప్పుడామె పేరు నోనేమ్ జిప్సీ. 'జిప్సీ' అన్న మాట రోమా జాతి వాళ్ళకు అవమానమని తెలిశాక 2016లో ఆ సగం తీసేసింది. మిగిలింది 'పేరులేనిది'. (మన రచయిత్రుల్లో ఇంటిపేరు ఏది పెట్టుకోవాలో తేలక సతమతమైన వాళ్ళకు ఈ ఉపాయం తట్టలేదు పాపం.)

2016 జూలైలో 'టెలిఫోన్' విడుదల చేసింది. ఏ రికార్డు కంపెనీతోనూ ఒప్పందం లేదు, పాటలు ఉచితంగా వదిలింది. 2018లో 'రూమ్ 25'. దానికయిన ఖర్చు ఊరూరా తిరిగి కచేరీలు చేసిన డబ్బే. పాటల మీద హక్కులు తనవే. హిప్‌హాప్‌లో 'ఇండిపెండెంట్' అంటే ఇదీ అర్థం. ముందు అడ్వాన్సు ఇచ్చి తర్వాత పాటను తన ఖాతాలో రాసుకునే కంపెనీ మధ్యలో ఉండదు. ఆమెకి పెద్ద పేరొచ్చింది. పత్రికలు మెచ్చుకున్నాయి, హాళ్ళు నిండాయి.

2019 చివర్లో ఆమె ఒక మాటంది. నా కచేరీల్లో ఎదురుగా కనపడేవాళ్ళు దాదాపు అంతా తెల్లవాళ్ళే, ఇలా తెల్ల గుంపుల ముందు నిలబడి పాడే పని ఇక నాకొద్దు, అవసరమైతే మానేస్తాను అని. అభిమానులకు కోపమొచ్చింది. టికెట్టు కొనుక్కుని వచ్చాం, నిన్ను ప్రేమించాం, మా తప్పేంటి అన్నారు. ఇదీ జాతివివక్షే కదా అన్నవాళ్ళూ ఉన్నారు.

నేను మొదట ఆ అభిమానుల పక్షాన నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో చెప్పకుండా ఈ వ్యాసం రాస్తే అబద్ధం రాసినట్టే.

మాది భూములున్న కులం. నా పిహెచ్‌డీ దళిత స్త్రీల కవిత్వం మీద. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' నాకు దారి చూపించిన పుస్తకం. అది చదివాకే నా విషయం ఎంచుకున్నాను. ఆ సిద్ధాంతవ్యాసమే నాకు ఉద్యోగం ఇచ్చింది, సెమినార్లకు పిలుపులిచ్చింది. నేను చదివిన కవయిత్రుల్లో చాలామంది ఇప్పటికీ తమ పుస్తకాలు తమ డబ్బుతోనే అచ్చేసుకుంటున్నారు.

కొన్నేళ్ళ కిందట మేం జరిపిన రెండు రోజుల సెమినార్‌కి ఒక కవయిత్రిని పిలిచాను. హాస్టల్లో పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను 'అక్కా' అంటాను, ఆమె మాత్రం నన్ను 'మేడం' అంటుంది, ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు. ఆ రోజు ఆమె చదివిన కవితలకి హాలు చలించిపోయింది. ముందు వరుసలో ఒక ప్రొఫెసర్ గారు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె పప్పు కలుపుకుంటూ, తల ఎత్తకుండా, "మేడం, ఈ హాల్లో మావాళ్ళు ఎంతమంది?" అంది.

నేను లెక్కపెట్టాను. ఇద్దరు విద్యార్థులు. మంచినీళ్ళ సీసాలు బల్లల మీద పెడుతున్న అటెండరు. ఆమె. నాకు నొప్పి కలిగింది. "కవిత్వానికి కులమేంటక్కా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మజ్జిగ పోసుకుంది.

ఆ వాక్యం నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. కవిత్వానికి కులముందని మూడువందల పేజీలు రాసి పట్టా తీసుకున్నదాన్ని.

నోనేమ్ మాటకీ అభిమానులు ఇచ్చిన జవాబు అదే. సంగీతానికి రంగేంటి అని. నా వాక్యం వాళ్ళ నోట వినపడేసరికి నాకు ఆగి ఆలోచించక తప్పలేదు. పుట్టుకను బట్టి శ్రోతను వద్దనడం న్యాయమేనా? పుట్టుకను బట్టి మనిషిని గుమ్మం బయట నిలబెట్టడమే కదా మనమందరం తప్పంటున్నది.

మొదట గమనించాల్సింది, ఆమె పాటలెవరికీ మూసెయ్యలేదు. ఏ తెల్ల కుర్రాడైనా తన గదిలో కూర్చుని 'రూమ్ 25' ఎన్నిసార్లయినా వినొచ్చు. ఆమె వద్దన్నది ఆ హాలుని. వినడానికీ హాల్లో ఉండడానికీ తేడా ఏంటని నన్ను నేను అడుగుకుంటే ఆ కవయిత్రే గుర్తొచ్చింది. ఆమె రాసిన వాటిలో వాళ్ళమ్మ మీద పడీపడీ నవ్వించే కవితలున్నాయి. భర్త మీద మోహంతో రాసినవి రెండున్నాయి, తెలుగులో అంత ధైర్యంగా రాసినవాళ్ళు తక్కువ. ఏ సెమినార్‌లోనూ వాటిని చదవగా నేను వినలేదు. ఎప్పుడూ చదివేవి దెబ్బల కవితలే, ఊరి చివర బావి కవితలే. ఎందుకంటే చప్పట్లు వాటికే పడతాయి. మేం అడిగేవీ అవే. "అక్కా, ఆ బావి కవిత తప్పకుండా చదవండి" అని ఫోన్లో చెప్పింది నేనే. పుస్తకం చదివేవాళ్ళు కవయిత్రిని ఏమీ చెయ్యలేరు. హాలు చేస్తుంది. ఎక్కడ నిశ్శబ్దమవ్వాలో, ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో చూపించి, వచ్చేసారి ఏది తీసుకురావాలో నేర్పుతుంది.

నోనేమ్ పాటల్లో షికాగోలో పోలీసుల తూటాలకూ వీధి తూటాలకూ రాలిపోయిన పిల్లల చావులున్నాయి. 'కాస్కెట్ ప్రెటీ' పేరులోనే శవపేటిక ఉంది. అటువంటి పాటను, తమ ఇంట్లో ఎప్పుడూ అలాంటి శవం లేవని వందలమంది చేతులూపుతూ కలిసి పాడుతుంటే వేదిక మీద నిలబడిన మనిషికి ఎలా ఉంటుంది? వాళ్ళు చెడ్డవాళ్ళు కానక్కర్లేదు. మా ప్రొఫెసర్ గారి కన్నీళ్ళు నిజమైనవే.

ఇక డబ్బు సంగతి. సాహిత్యం వాళ్ళం దీన్ని తొందరగా దాటేస్తాం గానీ అసలు ముడి ఇక్కడే ఉంది. కంపెనీ లేని గాయనికి ఫోన్లలో విన్న ప్రతి పాటకూ వచ్చేది సెంటులో చిన్న ముక్క. బతుకు గడవాలంటే, వచ్చే ఆల్బం తయారవ్వాలంటే కచేరీ టికెట్లే ఆధారం. టికెట్టు కొనగలిగిన వాళ్ళు, నగరం మధ్యలో హాలుకి రాత్రిపూట వచ్చి వెళ్ళగలిగిన వాళ్ళు ఎవరు? అమెరికాలో సంపద ఏ రంగు చేతుల్లో ఉందో హాలూ ఆ రంగులోనే నిండుతుంది. కంపెనీ నుంచి విడిపోయిన కళాకారిణి స్వేచ్ఛ పొందిందని మనం అనుకుంటాం. మధ్యలో యజమాని తప్పుకున్నాక మిగిలిన యజమాని శ్రోతే. పైగా కంపెనీ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ప్రేమిస్తున్నామంటూ ఎదురుగా నిలబడినవాళ్ళ మీద ఎలా తెచ్చుకోవడం?

బ్రాంజ్‌విల్ అనగానే సాహిత్య విద్యార్థులకు గుర్తొచ్చే పేరు గ్వెండలిన్ బ్రూక్స్. ఆమె మొదటి కవితా సంపుటి, 1945లో వచ్చింది, ఆ పేట పేరుతోనే ఉంది. 1950లో పులిట్జర్ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆమె. పేరున్న పెద్ద ప్రచురణ సంస్థ, తెల్ల విమర్శకుల మెప్పు, అన్నీ ఉన్నాయి. 1967లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో జరిగిన నల్ల రచయితల సభలో కుర్రకవుల్ని విని ఆమె తన్ను తాను తిరిగి ప్రశ్నించుకుంది. అప్పటికామెకి దాదాపు యాభై ఏళ్ళు. తర్వాత 1969లో 'రయట్' అన్న పుస్తకాన్ని డెట్రాయిట్‌లో డడ్లీ రాండల్ అనే నల్ల కవి నడిపే చిన్న ప్రెస్సు, బ్రాడ్‌సైడ్‌కి ఇచ్చింది. క్రమంగా పెద్ద సంస్థను వదిలేసింది. పేటలోని ముఠా కుర్రాళ్ళకు కవిత్వం పాఠాలు చెప్పింది, సారాకొట్లలో కవితలు చదివింది. చివరి దశలో తన పుస్తకాలు తనే అచ్చేసుకుంది. ఆమె కవిత్వం పలచబడిందని పెదవి విరిచిన విమర్శకులున్నారు. నేను చదివినంతలో పలచబడలేదు. మొహం తిరిగింది. ఎవరి వైపు తిరిగి మాట్లాడుతున్నామో మారితే వాక్యం పొడవు కూడా మారుతుంది, అది మనకి తెలియంది కాదు. ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగూ సెమినార్‌లో మాట్లాడే తెలుగూ నా నోట్లో ఒకటి కావు.

యాభై ఏళ్ళ తర్వాత అదే పేట పిల్ల చేసిన పని కూడా అలాంటిదే. కచేరీల మీద ఆ మాట అనడానికి కొన్ని నెలల ముందే, 2019లోనే, నోనేమ్ బుక్ క్లబ్ మొదలుపెట్టింది. నెలకు రెండు పుస్తకాలు, నల్లజాతి, ఇతర శ్వేతేతర రచయితలవి. అమెజాన్‌లో కొనొద్దు, ఊళ్ళో చిన్న షాపులో కొనండి, లేకపోతే లైబ్రరీలో తెచ్చుకోండి అంది. ఊరూరా శాఖలు పుట్టాయి. జైళ్ళలో ఉన్నవాళ్ళకూ ఆ పుస్తకాలు పంపిస్తారు. అమెరికా జైళ్ళలో ఎవరున్నారో తెలిసినవాళ్ళకి దీని అర్థం తెలుస్తుంది. ఆమె టికెట్టు ఎప్పటికీ కొనలేని శ్రోతలు వాళ్ళు. 2021లో లాస్ ఏంజిలస్‌లో రాడికల్ హుడ్ లైబ్రరీ తెరిచింది. లైబ్రరీ గదిలో మైకు పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల లైబ్రరీ కట్టింది. హాలు తనకి కావలసినట్టు లేదు కాబట్టి గది కట్టుకుంది అనిపిస్తుంది నాకు. తెల్లవాళ్ళని వద్దనడం కన్నా ఇది కష్టమైన పని, వార్త కాని పని.

ఇంతవరకూ రాసి ఆపేస్తే ఆమె దేవతయిపోతుంది. మన స్త్రీవాద వ్యాసాల్లో ఈ జబ్బుంది, మెచ్చినవాళ్ళని పీట మీద కూర్చోబెట్టడం.

2020 జూన్. జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసులు చంపి మూడు వారాలు. దేశమంతా వీధుల్లో ఉంది. ఇంత జరుగుతుంటే పేదల బాధ పాడుకుని డబ్బు చేసుకున్న పెద్ద రాపర్లు ఎక్కడున్నారని నోనేమ్ అడిగింది. జె.కోల్ అనే పెద్ద పేరున్న రాపర్ ఒక పాట విడుదల చేశాడు. పేరెత్తలేదు గానీ ఆమె గురించేనని అందరికీ తెలిసిపోయింది. ఆమె తెలివైనదే, కానీ ఆమె మాట తీరు బాగాలేదన్నది దాని సారాంశం. ఎంత పరిచయమైన మాట! "మీరు చెప్పేది నిజమేనమ్మా, కాస్త మెల్లగా చెప్పొచ్చుగా" అని ప్రతి సభలోనూ ఒక పెద్దమనిషి లేచి అంటాడు. రెండు రోజులకు ఆమె జవాబు వచ్చింది. 'సాంగ్ 33', మాడ్‌లిబ్ సంగీతం, నిమిషం మీద పది సెకన్లు. ఫ్లోరిడాలో ఉద్యమంలో తిరిగిన పంతొమ్మిదేళ్ళ ఒలువటోయిన్ సలావు హత్యకు గురై శవమై దొరికిన రోజులవి. ఒక ఆడపిల్ల చచ్చిపడి ఉంటే నువ్వు నా గొంతు గురించి పాట రాస్తున్నావా అని అడుగుతుంది ఆ పాట.

విని నేను గట్టిగా చప్పట్లు కొట్టాను, నిజంగానే, ఒంటరిగా గదిలో. రెండు మూడు రోజులకు ఆమె, ఆ జవాబు ఇచ్చినందుకు గర్వంగా లేదు, ఇవ్వక్కర్లేకపోయింది, నా అహం గెలిచింది, అసలు విషయం నుంచి దృష్టి మళ్ళించినందుకు క్షమించండి అని రాసింది. పాట మీద తనకొచ్చే డబ్బు పరస్పర సహాయ నిధులకు ఇచ్చేస్తానంది. నాకు కోపమొచ్చింది. మళ్ళీ ఆడదే క్షమాపణ చెప్పాలా? ఆ కోపం చాలా నెలలుంది. ఇప్పుడు తిరిగి చూస్తే నా కోపంలోనూ ప్రేక్షకురాలి హక్కు ఒకటి కనిపిస్తుంది. నాకు పోట్లాట నచ్చింది. ఆమె ఆపేస్తే నా వినోదం ఆగిపోయింది. చనిపోయిన పిల్లని నేను కూడా ఆ రెండు రోజుల్లో మర్చిపోయాను.

2023 ఆగస్టు 11న 'సన్‌డయల్' వచ్చింది. హిప్‌హాప్ పుట్టిందని చెప్పుకునే రోజుకి సరిగ్గా యాభై ఏళ్ళు. (1973లో బ్రాంక్స్‌లో జరిగిన ఆ పార్టీలో పాటలు వేసిన కూల్ హెర్క్ పేరు అందరూ చెబుతారు. బడికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి ఆ పార్టీ ఏర్పాటు చేసింది అతని చెల్లెలు సిండీ.) ఈ ఆల్బంలో 'నేమ్‌సేక్' అన్న పాటలో సూపర్ బౌల్ వేదికెక్కిన పెద్దపెద్ద వాళ్ళను, బియాన్సేతో సహా, పేర్లు పెట్టి నిలదీస్తుంది. అక్కడితో ఆగకుండా తన పేరే పెట్టి తననూ నిలదీసుకుంటుంది. కోచెల్లా లాంటి వేదికల విషయంలో తనన్న మాట తనే తప్పానని ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక మళ్ళీ పాడుతుంది. బతకాలి కదా.

అదే ఆల్బంలో 'బలూన్స్' ఉంది. నల్లవాళ్ళ దుఃఖాన్ని చూసి ముచ్చటపడే శ్రోతల గురించిన పాట, అంటే 2019 నాటి గాయమే. దాంట్లో జే ఎలెక్ట్రానికా అనే రాపర్ పాడిన చరణంలో యూదుల మీద ద్వేషం ధ్వనించే మాటలున్నాయి. చాలామంది బాధపడ్డారు, అడిగారు. నేను రాయని చరణానికి నేను క్షమాపణ చెప్పను, దాన్ని నా ఆల్బంలో ఉంచినందుకూ చెప్పను అంది. ఇక్కడ నేను ఆమెతో లేను. కంపెనీ ఉంటే ఏ లాయరో ఆ చరణం తీయించి ఉండేవాడు, మనం దాన్ని సెన్సార్ అని తిట్టేవాళ్ళం. కంపెనీ లేదు, గుమ్మం దగ్గర నిలబడింది ఆమే. 'జిప్సీ' అన్న మాట రోమా వాళ్ళకు తగులుతుందని తన పేరులో సగం కోసేసుకున్న మనిషికి, ఈ చరణం ఇంకొకరికి తగులుతుందని తట్టకపోవడం నాకు మింగుడుపడలేదు. తన హాల్లో లేని వాళ్ళు కాబట్టా? ఎదురుగా ఎవరున్నారన్న ప్రశ్న అడిగిన మనిషిని, లేనివాళ్ళెవరన్న ప్రశ్న కూడా అడగాల్సి వస్తుంది. అలా అడగడానికి నేనెవరన్నది ఇంకో ప్రశ్న. అయినా అడుగుతున్నాను.

ఆమె పాటలు వినడం మానలేదు. క్లాసులో చెబుతున్నాను కూడా. 'బలూన్స్' కూడా వినిపించాను, ఆ చరణంతో సహా. ఇయర్‌ఫోన్ ఇచ్చిన అమ్మాయి ఇప్పుడు రీసెర్చ్‌లో చేరింది. "మేడం, మీరు ఈ పాటలు నేర్పుతుంటే నాకు వింతగా ఉంటుంది" అంది ఒకరోజు. ఎందుకని అడిగాను. "మీకు తెలుసు" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఈ ఏడు మళ్ళీ సెమినార్. ఆ టీచరు అక్కకి పోయిన వారం ఫోన్ చేశాను. ఆమె రెండో పుస్తకం వచ్చింది, వాళ్ళ హాస్టల్ పిల్లల మధ్య ఆవిష్కరించుకుంది. నన్ను పిలవలేదు. ఫొటోల్లో చూశాను. పిల్లలు నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుని నవ్వుతున్నారు. ఏ కవిత చదివిందోనని చాలాసేపు ఆ ఫొటో చూస్తూ ఉండిపోయాను.

ఈసారి బావి కవిత అడగలేదు. మీకేది చదవాలనిపిస్తే అది చదవండక్కా అన్నాను. పిల్లల్ని తీసుకొస్తానంటే బస్సు ఏర్పాటు చేస్తానన్నాను, వాళ్ళ భోజనాలకు నిధుల్లో ఎంత ఉందో కూడా చెప్పాను. అవతల కొంచెంసేపు ఏమీ వినపడలేదు. వెనకాల బడి గంట మోగింది.

"పరీక్షలున్నాయి పిల్లలకి. చూసి చెప్తాలెండి మేడం" అంది.

ఇంకా చెప్పలేదు.